పది వ్యాపకాలు, ఒక వెబ్‌సైటు

పిల్లలూ! మీలో ఒకే ఒక్క వ్యాపకం ఉన్నవాళ్ళెందరు? మా తొమ్మిదో తరగతిలో ఈ ప్రశ్న అడిగితే ముగ్గురే చేతులెత్తారు. ముగ్గురిదీ క్రికెట్టే. మిగిలినవాళ్ళు ఒకటి చెప్పబోయి రెండోది, రెండోది చెప్పబోయి మూడోది గుర్తు చేసుకున్నారు.

వెనక బెంచీలో ఒక అమ్మాయి మాత్రం నోరు విప్పలేదు. ఆమె వ్యాపకాలు నాకు తెలుసు. బొమ్మలు వేస్తుంది. అగ్గిపుల్లలతో బొగ్గుబాయి హెడ్‌గేరు నమూనా కట్టింది. పాత గుడ్డముక్కలతో సంచులు కుడుతుంది. గోదావరి ఒడ్డున కనిపించిన పిట్టల పేర్లన్నీ ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకుంటుంది. ఇవి గాక, వాళ్ళింట్లో అటుకుమీద ఒక అట్టపెట్టె నిండా ఆకుల అచ్చులున్న రాతిపలకలున్నాయి. గంట కొట్టాక నా దగ్గరికి వచ్చి అడిగింది.

“సార్, నేను ఒక వెబ్‌సైటు పెట్టుకుందామనుకుంటున్న. కానీ అది దేని గురించి అని పెట్టాలె? అన్నీ చేస్తవు, ఒక్కటీ సక్కగ చెయ్యవు అంటున్నరు మా ఇంట్లో.”

“ఇంత తొందరేమిటమ్మా?” అన్నాను.

అప్పుడు అసలు సంగతి చెప్పింది. వాళ్ళ తాత ముప్పై ఏళ్ళకు పైగా బాయిలో కోల్ ఫిల్లరుగా పనిచేశాడు. తట్టా చెమ్మస్ పట్టిన చేత్తోనే సాయంత్రాలు బొమ్మలు గీసేవాడు, పాటలు కట్టి రాసుకునేవాడు. రిటైరై క్వార్టరు ఖాళీ చేసి అద్దె ఇంటికి మారినప్పుడు నోటుబుక్కుల ట్రంకుపెట్టె వసారాలో ఉండిపోయింది. రెండు వానాకాలాలు గడిచాక తెరిచి చూస్తే చెదలు. మిగిలినవి పదకొండు కాగితాలు!

“రాసుకున్నది పోయింది బిడ్డా. గుర్తున్నది పాడుత, నువ్వు రాసుకో అంటున్నడు మా తాత. నేను రాసింది గూడ అట్లనే పోతే ఎట్ల సార్?”

ఇది చిన్న ప్రశ్న కాదు. ప్రపంచంలో మొట్టమొదటి వెబ్‌సైటు పుట్టింది కూడా ఇలాంటి బెంగలోంచే. ముందు ఆ కథ చూద్దాం.

మనుషులు వెళ్ళిపోతే వివరాలు ఏమవుతాయి?

స్విట్జర్లాండులోని జెనీవా నగరం దగ్గర సెర్న్ అనే పెద్ద పరిశోధన సంస్థ ఉంది. అక్కడికి అనేక దేశాల నుంచి శాస్త్రజ్ఞులు వచ్చి, రెండేళ్ళో మూడేళ్ళో పనిచేసి వెళ్ళిపోతుంటారు. వాళ్ళు వెళ్ళగానే వాళ్ళకు తెలిసిన వివరాలు కూడా కనబడకుండా పోతున్నాయి. ఏ కాగితం ఏ బీరువాలో ఉందో, ఏ యంత్రానికి ఎవరు మరమ్మతు చేశారో కొత్తగా వచ్చినవాడికి తెలియదు. అక్కడ పనిచేస్తున్న టిమ్ బెర్నర్స్-లీ అనే బ్రిటిష్ యువకుడు దీనికో ఉపాయం ఆలోచించి, 1989 మార్చిలో తన పై అధికారికి రాసిచ్చాడు. ‘అస్పష్టంగా ఉంది గాని ఆసక్తికరంగా ఉంది’ అని ఆ అధికారి దానిమీద రాశాడట. మీ ప్రాజెక్టు పుస్తకం మీద నేను రాసే మాటలు గుర్తొస్తున్నాయా?

ఇంతకీ ఆ ఉపాయం ఏమిటి? కాగితాలన్నీ ఒక వరసలో పేర్చకుండా, ఒక కాగితంలోని మాటనుంచి మరో కాగితానికి నేరుగా దారి వెయ్యడం. ఆ దారినే ‘లింకు’ అంటున్నాం. 1991 నాటికి ఈ పద్ధతి సెర్న్ దాటి బయటి ప్రపంచానికి తెలిసింది. 1993 ఏప్రిల్ 30న ఆ సంస్థ దీన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చునని ప్రకటించింది. మనం ఇవాళ ఎవరికీ రాయల్టీ కట్టకుండా వెబ్‌సైటు పెట్టుకోగలుగుతున్నామంటే ఆ ప్రకటన వల్లనే.

మొదటి వెబ్‌సైటు ఉన్న కంప్యూటరు మీద ఎర్ర సిరాతో రాసిన ఒక చీటీ అంటించి ఉండేది: ఇది సర్వరు, దీన్ని ఆపవద్దు అని. ఎందుకు ఆపకూడదో కాసేపట్లో తెలుస్తుంది.

వెబ్‌పేజీ అంటే ఏమిటి?

చాలామంది అనుకునేంత మాయ ఇందులో ఏమీ లేదు. వెబ్‌పేజీ అనేది మామూలు అక్షరాల ఫైలు. మీ బడి కంప్యూటరులో నోట్‌ప్యాడ్ ఉంటుంది గదా, దానిలోనే రాయవచ్చు. కాకపోతే ఏ భాగం ఏమిటో గుర్తులు పెడుతూ రాయాలి. మీరు నోటుబుక్కులో పాఠం పేరు కింద గీత గీస్తారు, కొత్త పేరా మొదట్లో జాగా వదులుతారు. ఆ పనినే ఇక్కడ కోణపు బ్రాకెట్ల మధ్య రాసిన పొట్టి గుర్తులు చేస్తాయి. ‘ఇది శీర్షిక’, ‘ఇది పేరా’, ‘ఇక్కడ బొమ్మ’, ‘ఈ మాట నొక్కితే ఆ పేజీకి వెళ్ళాలి’ అని అవి చెబుతాయి. ఈ గుర్తుల పద్ధతి పేరు హెచ్‌టీఎంఎల్. రోజూ పనికొచ్చే గుర్తులు పాతికకు మించవు. ఒక వేసవి సెలవుల్లో నేర్చుకోవచ్చు. పదో ఎక్కం కంటే కష్టం కాదు గాని, పంతొమ్మిదో ఎక్కమంత ఓపిక కావాలి.

ఈ ఫైళ్ళన్నీ ఒక ఫోల్డరులో పెట్టి, ఎప్పుడూ నడిచే ఒక కంప్యూటరులోకి ఎక్కిస్తే అదే వెబ్‌సైటు. ఆ కంప్యూటరునే సర్వరు అంటారు. ఎవరో ఒకరు వరంగల్లులోనో, దుబాయిలోనో మీ పేజీ అడుగుతారు. ఫైలు తీసి ఇవ్వడం దాని పని. మన బాయిలో మొదటి షిఫ్టు, రెండో షిఫ్టు, నైట్ షిఫ్టు అని ముగ్గురు పంచుకుని చేసే పనిని సర్వరు ఒక్కటే సెలవు లేకుండా చేస్తుంది. కరెంటు పోతే మీ వెబ్‌సైటు లేనట్టే. ఎర్ర సిరా చీటీ ఎందుకో ఇప్పుడు అర్థమైందా?

అన్నట్టు, ఆ కరెంటు ఎక్కడినుంచి వస్తుంది? మన రామగుండం ఎన్టీపీసీ కేంద్రంలో మొదటి యూనిట్ 1983లో మొదలైంది. 200 మెగావాట్లవి మూడు, 500 మెగావాట్లవి నాలుగు కలిపి 2600 మెగావాట్లకు పెరిగింది. 2022 నుంచి దాని జలాశయం నీళ్ళ మీద తేలే సౌర పలకలు మరో 100 మెగావాట్లు ఇస్తున్నాయి. ఈ కరెంటు గ్రిడ్‌లో కలిసి హైదరాబాదుకూ వెళుతుంది. హైదరాబాదులో సర్వర్లుండే పెద్ద పెద్ద భవనాలున్నాయి. వాటిలో ఉన్న ఒక పేజీని మీరు గోదావరిఖనిలో కూర్చుని చదువుతున్నారంటే, మీ ఇంటి వెనక తవ్విన బొగ్గు ఒక చుట్టు తిరిగి అక్షరమై మీ దగ్గరికి వచ్చిందని అనుకోవచ్చు.

దూరం లెక్క కూడా చూద్దాం. గాజుతీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళుతుంది. మనకు హైదరాబాదు సుమారు 225 కిలోమీటర్లు. అంటే కాంతికి సెకనులో వెయ్యో వంతు కంటే కాస్త ఎక్కువ పడుతుంది. సర్వరు 13,000 కిలోమీటర్ల దూరాన అమెరికాలో ఉంటే? 0.065 సెకను. ‘పేజీ కావాలి’ అని అడగడానికి ఒకసారి, జవాబు రావడానికి ఒకసారి కాబట్టి 0.13 సెకను. తీగ తిన్నగా ఉండదు, దారిలో ఆగే స్టేషన్లు ఉంటాయి గనుక నిజంగా ఇంకా ఎక్కువే అవుతుంది. అయినా రెప్పపాటులో పని.

మరి ఇంత ప్రపంచంలో మీ సర్వరు ఏదో ఎలా తెలుస్తుంది? ఇంటర్నెట్టులో ప్రతి యంత్రానికీ ఒక సంఖ్య ఉంటుంది. పాత పద్ధతిలో ఆ సంఖ్యకు 32 బిట్లు. అంటే 2ను 32 సార్లు గుణిస్తే వచ్చినన్ని, 429 కోట్ల పైచిలుకు సంఖ్యలు. అవి చాలక ఇప్పుడు 128 బిట్ల సంఖ్యలు కూడా వాడుతున్నారు. సంఖ్యలు మనకు గుర్తుండవు గనుక పేర్లు పెట్టుకుంటాం. పేరు చెబితే సంఖ్య వెతికిచ్చే ఏర్పాటును 1983లో పాల్ మొకాపెట్రిస్ రూపొందించాడు. ఫోనులో ‘అమ్మ’ అని నొక్కితే నంబరు దానంతటదే కలిసినట్టు. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ఆ పేరును మీరు కొనుక్కోరు, ఏడాదికింత అని అద్దె కడతారు. కట్టడం మరిచిపోతే పేరు ఇంకొకరి పాలవుతుంది.

తెలుగు అక్షరం తూకం ఎంత?

కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. మొదట్లో ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కలిపి 128 అంకెలు కేటాయించుకున్నారు. మన క, ఖ లకు అందులో చోటు లేదు. అందుకే 1990ల మొదట్లో అమెరికాలో చదువుకుంటున్న తెలుగువాళ్ళు ఒకరికొకరు తెలుగు రాసుకోవాలంటే రోమన్ అక్షరాల్లో రాసుకునేవారు. రైస్ విశ్వవిద్యాలయంలోని తెలుగు విద్యార్థులు దానికో కచ్చితమైన పద్ధతి ఏర్పరిచారు. పొట్టి అచ్చు ఏది, పొడుగు అచ్చు ఏది, ఒత్తు ఏది అని తేడా తెలిసేలా. ‘ఆర్‌టీఎస్’ అని దాని పేరు.

తరవాత ఫాంట్ల యుగం వచ్చింది. ఒక్కో పత్రిక వెబ్‌సైటుది ఒక్కో ఫాంటు. ఆ ఫాంటు మీ కంప్యూటరులో లేకపోతే తెలుగు బదులు పిచ్చిగీతలు కనబడేవి. అప్పట్లో రాసిన పేజీలు కొన్ని ఫైళ్ళుగా ఇప్పటికీ ఉన్నాయి. కానీ చదవలేం. చెదలు పట్టకుండానే పాడైపోయిన పుస్తకాలన్నమాట!

దీనికి మందు యూనికోడ్. ప్రపంచంలోని లిపులన్నిటికీ ఒకే పట్టిక. 1991లో వచ్చిన దాని మొదటి రూపంలోనే తెలుగు ఉంది. మన దేశంలో భారతీయ లిపుల కోసం తయారైన ‘ఇస్కీ’ ప్రమాణాన్ని చూసి ఆ అమరిక చేశారు. తెలుగుకు 3072 నుంచి 3199 దాకా 128 గళ్ళు ఇచ్చారు. ఆ తరవాత ‘పోతన 2000’ వంటి యూనికోడ్ ఫాంట్లు తిరుమల కృష్ణ దేశికాచారి గారి కృషితో వచ్చాయి. 2006లో ‘వీవెన్’ అనే పేరుతో రాసే తెలుగు యువకుడు ‘లేఖిని’ అనే సాధనం తయారుచేశాడు. ఇంగ్లీషు కీబోర్డు మీద కొడితే తెరమీద తెలుగు పడుతుంది. ఆర్‌టీఎస్‌లో పుట్టిన ఆలోచనే ఇలా కొత్త పనికి వచ్చింది.

ఇప్పుడొక మాట తూచి చూద్దాం. ‘బొగ్గు’. మీరు ఎన్ని అక్షరాలంటారు? రెండు. కంప్యూటరును అడిగితే ఆరు అంటుంది. బ (3116), ఒత్వం (3146), గ (3095), పొల్లు (3149), మళ్ళీ గ (3095), కొమ్ము (3137). గకు పొల్లు పెట్టి వెంటనే మరో గ వస్తే, రెండోదాన్ని కింద ఒత్తుగా వెయ్యాలని ఫాంటుకు తెలుసు. దాచడం ఆరు గళ్ళుగా, గీయడం రెండు అక్షరాలుగా. ఈ అంకెలను వెబ్‌లో దాచే పద్ధతి యూటీఎఫ్-8. కెన్ థామ్సన్, రాబ్ పైక్ అనే ఇద్దరు 1992లో ఒక రాత్రి న్యూజెర్సీలోని హోటల్లో భోజనానికి కూర్చుని, పళ్ళెం కింద వేసే కాగితం మీద దీన్ని గీశారు. ఇందులో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగు గుర్తుకు మూడు బైట్లు పడతాయి. కాబట్టి ‘బొగ్గు’ బరువు 18 బైట్లు. ‘సింగరేణి’ ఎన్ని బైట్లో మీరే లెక్కకట్టండి. (జవాబు 24 రావాలి. సున్నాను మరిచిపోతే 21 వస్తుంది.)

బొమ్మ బరువు, పాట బరువు

ఇంగ్లీషు కంటే మూడు రెట్లు బరువా అని బాధపడకండి. రెండు వేల గుర్తుల తెలుగు పేజీ ఆరు వేల బైట్లే. అసలు బరువంతా ఫొటోల్లో ఉంటుంది.

ఫోనుతో తీసిన ఫొటోలో అడ్డంగా 4,000, నిలువుగా 3,000 చుక్కలున్నాయనుకోండి. మొత్తం 1 కోటి 20 లక్షలు. ఒక్కో చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు బైట్లు. అంటే 3 కోట్ల 60 లక్షల బైట్లు! కానీ ఫోనులో చూస్తే ఆ ఫైలు 40 లక్షల బైట్లే ఉంటుంది. మిగతాదంతా ఎక్కడికి పోయింది?

ఇక్కడొక చక్కని గణితం ఉంది. బొమ్మను 8 అడ్డం, 8 నిలువు చుక్కల చిన్న గళ్ళుగా విడగొడతారు. ఒక్కో గడిని కొన్ని అలల కలయికగా రాస్తారు. హార్మోనియంలో ఒకేసారి నాలుగు మెట్లు నొక్కితే వచ్చే శబ్దాన్ని ‘ఈ మెట్టు ఇంత, ఆ మెట్టు ఇంత’ అని చెప్పినట్టు. ఆకాశం ఉన్న గడిలో నెమ్మదిగా మారే అలలే ఉంటాయి. వేగంగా మారే అలలు ఉన్నా మన కంటికి అంతగా ఆనవు. వాటిని తగ్గించి రాస్తే సరిపోతుంది. ఇలా అలలుగా మార్చే సూత్రాన్ని 1974 జనవరిలో ప్రకటించినవారు ముగ్గురు. బెంగుళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్, ఆయన శిష్యుడు నటరాజన్, కామిశెట్టి రామమోహనరావు. మూడో పేరు చదివినప్పుడల్లా నాకు మా బడి హాజరుపట్టీ గుర్తొస్తుంది. మీరు ఫోనులో చూసే ప్రతి జేపెగ్ ఫొటో వెనకా ఆ సూత్రం ఉంది.

అయినా 40 లక్షల బైట్లు ఎక్కువే. తెర మీద చూడటానికి 1,200 అడ్డం, 900 నిలువు చాలు. చుక్కలు పదకొండో వంతుకు తగ్గుతాయి. ఫైలు సుమారు 2 లక్షల బైట్లకు వస్తుంది. తేడా ఏమిటంటారా? సెకనుకు 20 లక్షల బిట్లు వచ్చే కనెక్షను మీద పెద్ద ఫొటోలు పదింటి పేజీ తెరుచుకోవడానికి 160 సెకన్లు పడుతుంది. తగ్గించినవైతే 8 సెకన్లు. మీ పేజీని మారుమూల పల్లెలో సిగ్నలు సరిగా అందని స్నేహితుడు కూడా చూడాలి గదా. పెన్సిలు గీతల బొమ్మలకు మాత్రం జేపెగ్ అంత మంచిది కాదు. పదునైన గీత చుట్టూ మసక చేరుతుంది. వాటిని పీఎన్‌జీ రూపంలో దాచండి.

పాటకూ ఇంతే. సీడీ నాణ్యతలో సెకనుకు 44,100 సార్లు శబ్దాన్ని కొలిచి రాస్తారు. కుడి, ఎడమ రెండిటికీ కలిపి నిమిషానికి కోటి బైట్లు దాటుతుంది. ఎంపీ3 చేస్తే సుమారు పది లక్షలు. తాత పాటను వినిపించడానికి ఎంపీ3 చాలు. కానీ మూలప్రతిని కుదించకుండా వేరే దాచాలి. ఒకసారి పారేసిన అలలను తిరిగి తెచ్చుకోలేం.

మరి వెబ్‌సైటు దేని గురించి?

ఆ అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్నకు ఇప్పుడు వద్దాం. ఆమె వెబ్‌సైటు దేని గురించీ కానక్కర్లేదు, ఆమె గురించి అయితే చాలు అన్నాను. ఆమెకు తృప్తి కలగలేదు. అప్పుడు మా బడి లైబ్రరీకి తీసుకెళ్ళి ఒక పుస్తకం చూపించాను. ‘నీటిపక్షుల బొమ్మలు గీయడం ఎలా?’ అన్నట్టు ఉంటుంది అది. “దీన్ని ఏ అరలో పెడతావమ్మా? పక్షులా, చిత్రకళా?” ఆలోచించి, “రెండు పుస్తకాలుంటే రెండు అరల్లో పెడుత” అంది.

మద్రాసులో లెక్కల అధ్యాపకుడిగా ఉండి గ్రంథాలయాధికారిగా మారిన ఎస్.ఆర్. రంగనాథన్ గారికి ఇదే చిక్కు వచ్చింది. ఒక పుస్తకానికి ఒకే కొమ్మ అనకుండా, దాని ముఖాలన్నీ విడివిడిగా గుర్తించి రాసే ‘కోలన్’ వర్గీకరణను ఆయన 1933లో ప్రచురించారు. విషయం ఒక ముఖం, చోటు ఒక ముఖం, కాలం ఒక ముఖం. పుస్తకం బరువైన వస్తువు గనుక చివరికి ఒక అరలోనే కూర్చుంటుంది. వెబ్‌పేజీకి ఆ బాధ లేదు. ‘గోదావరి ఒడ్డున కొంగలు’ అనే పేజీ ఒకటే ఉంటుంది. పిట్టల పట్టికనుంచి దానికో దారి, బొమ్మల పట్టికనుంచి ఇంకో దారి, ‘డిసెంబరు’ అనే పట్టికనుంచి మరో దారి.

వ్యాపకాలు పది ఉన్నవాడికి లింకు ఎందుకు ముఖ్యమో ఇక్కడే తెలుస్తుంది. పదీ పది గదులై ఉంటే ఏ గదీ నిండదు. గదుల మధ్య తలుపులు పెడితే ఇల్లవుతుంది. ఆ అమ్మాయి రాతిపలకలే చూడండి. తాత పనిచేసిన రోజుల్లో వంటబొగ్గులో కలిసి వచ్చినవి అవి. వాటి మీద నాలుక ఆకారపు ఆకుల అచ్చులున్నాయి. అవి గ్లోసోప్టెరిస్ అనే చెట్టువి. గ్రీకు భాషలో ‘గ్లోసా’ అంటే నాలుకే. మన గోదావరి లోయ బొగ్గు ఏర్పడిన కాలంలో, 25 కోట్ల ఏళ్ళకు ముందు, ఇక్కడ అవి అడవులుగా ఉండేవి. అవే ఆకుల అచ్చులు ఆఫ్రికాలో, దక్షిణ అమెరికాలో, ఆస్ట్రేలియాలో, అంటార్కిటికాలో కూడా దొరికాయి. ఒకప్పుడు ఈ నేలలన్నీ కలిసి ఉండేవనడానికి అదొక సాక్ష్యం. 1912లో దక్షిణ ధ్రువంనుంచి తిరిగివస్తూ మంచులో చనిపోయిన కెప్టెన్ స్కాట్ బృందం దగ్గర సుమారు 16 కిలోల రాళ్ళు దొరికాయి. నడవలేని స్థితిలో కూడా వాటిని వదిలెయ్యలేదు. వాటిలో ఈ ఆకుల అచ్చులున్నాయి.

ఇప్పుడు చెప్పండి, ఈ పేజీ రాళ్ళదా, తాతదా, చిత్రకళదా? ఆకు అచ్చును ఆ అమ్మాయి పెన్సిలుతో గీసింది కూడా మరి.

(ఒక హెచ్చరిక. ఆకుల అచ్చుల కోసం ఓసీపీ మట్టికుప్పల మీదికి ఎవరూ వెళ్ళకండి. అవి జారిపోతాయి. అక్కడికి వెళ్ళడం నిషేధం కూడా.)

ఇలా బతికిన పెద్దవాళ్ళ ఉదాహరణ కావాలంటే కొడవటిగంటి రోహిణీప్రసాద్ గారున్నారు (1949–2012). ‘చందమామ’ను నడిపిన కుటుంబరావు గారి కుమారుడు. బొంబాయిలోని భాభా అణు పరిశోధన కేంద్రంలో శాస్త్రజ్ఞుడు. సితారు వాయించేవారు, సంగీతం కూర్చేవారు, తెలుగులో విజ్ఞాన వ్యాసాలు రాసేవారు. 1998లో మొదలైన ‘ఈమాట’ అనే ఇంటర్నెట్టు పత్రికలో రాగాల గురించి రాశారు. తన వ్యాసాలను ఇంటర్నెట్టులో తన సొంత పుటల్లోనూ చేర్చిపెట్టారు. స్వరాల మధ్య నిష్పత్తుల లెక్క తెలిసినవాడు రాగం గురించి రాస్తే వేరేగా ఉంటుంది. అన్నీ చేస్తవు, ఒక్కటీ సక్కగ చెయ్యవు అనేవాళ్ళకు నేను ఈయన పేరు చెబుతుంటాను.

వెబ్ చెదలు

వెబ్‌లో పెట్టేస్తే శాశ్వతం అనుకుంటారు చాలామంది. నేనూ అనుకున్నాను. మా పిల్లల సైన్సు ప్రదర్శనల ఫొటోలు కొన్నేళ్ళపాటు ఒక ఉచిత సేవలో పెట్టాను. ఇంట్లో ప్రతి ఉంచుకోలేదు. ఒకనాడు ఆ సేవ మూతబడింది. ముందుగా ఈమెయిలు పంపారు, నేను చూడలేదు. తప్పు సగం నాదే. సైకిలు చైనుతో చెరకు రసం యంత్రం చేసిన ఒక కుర్రవాడు తన ఫొటో కావాలని ఇప్పటికీ అడుగుతుంటాడు.

పెద్ద ఎత్తున ఇలాంటిదే 2009 అక్టోబరులో జరిగింది. 1994లో మొదలైన జియోసిటీస్‌లో లక్షలాది మంది మామూలు మనుషులు తమ కుక్కపిల్లల గురించీ, తపాలా బిళ్ళల గురించీ, తోటల గురించీ సొంత పేజీలు పెట్టుకున్నారు. యాహూ కంపెనీ 1999లో దాన్ని కొని, పదేళ్ళకు మూసివేసింది. కొందరు స్వచ్ఛందంగా పూనుకుని వీలైనంత కాపీ చేసి కాపాడారు. 1996లో మొదలైన ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సంస్థ దగ్గర కూడా కొంత ఉంది. మిగిలింది పోయింది.

అందుకని అసలు ప్రతి మీ ఇంట్లోనే ఉండాలి. వెబ్‌లో ఉన్నది నకలు మాత్రమే. మొత్తం మూడు ప్రతులు, కనీసం రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే ఊళ్ళో. పెన్‌డ్రైవు ఒక్కదాన్నే నమ్మకండి. అందులో సమాచారం విద్యుదావేశంగా ఉంటుంది, ఏళ్ళు గడిచేకొద్దీ కారిపోతుంది. ఏడాదికోసారి తెరిచి, కొత్తదానిలోకి ఎక్కించాలి. మామూలు అక్షరాల ఫైళ్ళతో కట్టిన సైటును ఒక సర్వరు మూసేస్తే ఇంకో సర్వరుకు పది నిమిషాల్లో మార్చవచ్చు. ఎవరో తయారుచేసిన అలంకారాల మీద ఆధారపడితే మార్చడం కష్టం. పొయ్యిమీంచి దించిన సర్వపిండిని ఏ డబ్బాలో పెట్టినా తినవచ్చు. పిండి కలిపే మనిషి పక్కనే ఉండాలంటేనే ఇబ్బంది.

ఇంకో రెండు జాగ్రత్తలు. ఫోను ఫొటోలో తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా కనబడకుండా దాగి ఉండవచ్చు. దాన్ని తొలగించాకే ఎక్కించండి. పూర్తి పేరు, ఇంటి చిరునామా, ఫోను నంబరు, బడి పేరు పెట్టకండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ళు నిండనివాళ్ళను బాలలుగానే లెక్కిస్తుంది. కాబట్టి ఖాతా తెరవడం, పేరు అద్దెకు తీసుకోవడం అమ్మో నాన్నో చెయ్యాలి. ఇక ఇతరుల బొమ్మలు, పాటలు అడగకుండా పెట్టకూడదు. మన దేశంలో రచయిత చనిపోయిన 60 ఏళ్ళ దాకా హక్కు ఉంటుంది. తాత పాటలకు హక్కుదారు తాతే. ఆ అమ్మాయి అడిగిందట. “గిది గూడ అడగాల్నా బిడ్డా” అని నవ్వాడట గాని, ఒక పాట మాత్రం వద్దన్నాడు. అది అలాగే బయట ఉండిపోయింది.

చేసి చూడండి

కంప్యూటరు లేకుండానే మొదలుపెట్టవచ్చు. పాత శుభలేఖల వెనకవైపు తెల్లగా ఉంటుంది గదా, అలాంటి అట్టలు ఇరవై తీసుకోండి. ఒక్కో అట్ట ఒక్కో పేజీ. పైన శీర్షిక, కింద నాలుగు వాక్యాలు, అడుగున ఎక్కడ, ఎప్పుడు, ఎవరు చేశారో రాయండి. ఈ మూడూ లేని రాయి వట్టి రాయే. అట్టలను గోడ మీద పరిచి, సంబంధం ఉన్నవాటి మధ్య కుట్టుదారం కట్టండి. దారం ఒక్కటీ తగలని అట్ట ఏదైనా ఉంటే, దాన్ని దేనితో కలపవచ్చో ఆలోచించండి. ఏ అట్టనుంచి బయల్దేరినా మూడు దారాల్లో ఏ అట్టకైనా చేరగలుగుతున్నారా? చేరకపోతే ‘ముఖద్వారం’ అని ఒక అట్ట రాసి నడిమధ్యలో పెట్టండి. తరవాత నోట్‌ప్యాడ్‌లోకి ఎక్కించండి.

మా అమ్మాయి గోడ మీద ఇరవై మూడు అట్టలు వచ్చాయి. పదకొండు కాగితాలకు పదకొండు, మిగిలినవి ఆమెవి. అగ్గిపుల్లల హెడ్‌గేరు అట్టకు ఏకంగా ఆరు దారాలు తగిలాయి. సంచుల అట్ట చాలా రోజులు ఒంటరిగా ఉంది. పోయిన వారం తాత ఒక పాట పాడుతూ, బాయికి సద్ది తీసుకెళ్ళే గుడ్డసంచి సంగతి చెప్పాడట.